చెంచాడు నీళ్లు

నన్ను పిలిచింది బండి తోలడానికే.
పన్నెండు సీట్ల వ్యాను, ఏడుగురు మనుషులు,
వలలు, భూతద్దాలు, ఉడకబెట్టిన గుడ్లు.
కపుస్కేసింగ్ దాటి ఉత్తరానికి తిరిగాక
తారు అయిపోయింది,
తరవాత కంకర,
తరవాత అదీ లేదు.

అద్దాలెత్తుకుని కునుకు తీద్దామనుకున్నాను.
ఒడీల్ తలుపు తట్టింది:
"దోమలు లోపలికి ఎలాగూ వస్తాయి,
బయటికొస్తే కనీసం వాటి పేర్లు తెలుస్తాయి."

నిరుడు వేసవిలో కాలిన అడవి.
మానులన్నీ నిలబడే ఉన్నాయి
బొగ్గు చొక్కాలు తొడుక్కుని.
ఒవీలా ట్రాటియెకి ఎనభై రెండు.
రంపపు మిల్లులో నలభయ్యొక్కేళ్లు.
మానుకి చెవి ఆనించి వినమంటే
అందరూ చెవులు పెట్టారు,
అతను టోపీ తీసి నుదురు పెట్టాడు.
"చెవులు మిల్లుకిచ్చేశాను. ఎముకలు ఇంకా నావే."

కర్, కర్, కర్.
బెరడు లోపల ఒక తెల్లపురుగు
తన ఒళ్లు పట్టేంత దారి తొలుచుకుంటోంది.
తిన్నంత మేరే ఇల్లు.
కాళ్లు లేవట. పళ్లున్నాయి, చాలు.
"దీనికి సైరన్ లేదు," నవ్వాడు ఒవీలా,
"షిఫ్టు మారదు. యూనియనూ లేదు."
నవ్వుతూ కూడా నుదురు తీయలేదు.
చాలాసేపు తీయలేదు.
మేం గుడ్లు ఒలుచుకుంటూ
ఇంకోవైపు చూశాం.

అక్కణ్ణించి ఊబి.
ఇక్కడ అడుగేస్తే అక్కడ చెట్టు ఊగుతుంది.
నా బొటనవేలంత లార్చి మొక్కకి
డెబ్భయ్యేళ్లుంటాయంది ఒడీల్.
మా నాన్నమ్మ చేతికర్ర దీనికంటే లావు.

హిల్డా ఒక పొద దగ్గర ఆగిపోయింది.
ఆకు తిరగేస్తే అడుగున తుప్పురంగు ఉన్ని.
వాళ్లమ్మ దీన్ని కాచి ఇచ్చేదట,
క్రీ భాషలో దానికో పేరుండేదట,
నాలుక చివరే ఉందంటూ
ఆకు నములుతూ నడిచింది దారంతా.

నాచులో సగం కూరుకుపోయి
ఎర్రటి నరాల కూజాలు.
నిజానికి ఆకులే, నోరు తెరుచుకున్న ఆకులు.
ఒడీల్ బోర్లా పడుకుని, సిరాగొట్టంతో
ఒకదాంట్లోంచి నీళ్లు పీల్చి
తెల్ల చెంచాలో వదిలింది.

మునిగిన చీమ. సగం ఈగ.
ఆ సగానికీ చీమకీ మధ్య
కనుబొమ వెంట్రుకలంతేసి
మెలికలు తిరుగుతూ దోమపిల్లలు.
చంపడానికి పెట్టిన గిన్నెలో కాపురం.
మొక్క వేటాడుతుంది, ఇవి ఎంగిలి తింటాయి,
వీటి ఎంగిలి మళ్లీ మొక్క తాగుతుంది.
ఎవరు ఎవరికి వడ్డిస్తున్నట్టు? అడిగాను.
ఒడీల్ భుజాలెగరేసింది.
పెద్దయ్యాక ఈ జాతి మనల్ని కుట్టదంది
మెడమీద వేరే జాతిని చరుచుకుంటూ.

మరి చలికాలం?
కూజాతోపాటు గడ్డకట్టేస్తాయి.
మంచు కరిగాక
ఆపిన చోటునుంచి మొదలుపెడతాయి.

పదకొండు లెక్కపెట్టింది.
నా చేతులే పొడిగా ఉన్నాయని
పుస్తకంలో నన్నే రాయమంది. రాశాను.
ఒకటి పక్కన ఒకటి, పదకొండు.
చెంచాని తిరిగి అదే కూజాలోకి వంచింది,
పక్కదాంట్లోకి కాదు.

తిరుగుదారిలో అందరూ నిద్ర.
చీకట్లో హిల్డా ఒక్క కేక పెట్టింది, ఆ పేరు.
బ్రేకు తొక్కేశాను.
ఒవీలాకి తప్ప అందరికీ వినబడింది.
నాకు పలకడం రాదు.

జనవరిలో నా ఉద్యోగం మంచు తోసే బండి.
తెల్లారి నాలుగు, మైనస్ నలభై.
ఇంజను ఆపకూడదు,
ఆపితే మళ్లీ అంటుకోదు.
బండి తిప్పుకోడానికి ఆ మలుపుదాకా వెళ్తాను.
లైట్లలో తెలుపు, దాని వెనక తెలుపు.
అక్కడ మాత్రం బ్లేడు
బెత్తెడు పైకెత్తుతాను.

ఊబి అక్కణ్ణించి అరమైలు.
తెలుసు.